బావి నీటి సాక్ష్యము



కృష్ణా డెల్టా చివరి భాగమున నీటికి కొదువ అనిన పొరుగు సీమలవారు నమ్మరు. చుట్టును నీరే. కాలువలో నీరు, బోదెలో నీరు, వరిమడిలో నీరు, చేపల చెరువులో నీరు, మురుగు కాలువలో నీరు, ఆవల సముద్రము. అయినను వేసవి వచ్చి కాలువలు కట్టివేసిన పిదప బందరు మొదలు నాగాయలంక వరకు గల పల్లెలలో బిందెడు మంచినీటికై ఇల్లాండ్రు పడు ప్రయాసను మేము వేరుగా వర్ణింప నక్కరలేదు. నేల క్రింద నీరు లేక కాదు ఈ ప్రయాస. ఆ నీరు త్రాగుటకు పనికివచ్చునో రాదో తెలియకపోవుట వలన, కొన్ని చోట్ల పనికిరాదని తెలిసియుండుట వలన.

నేడు మేము చెప్పదలచినది మంచినీటిని తెచ్చుకొను ఉపాయము కాదు. ఒక చోట నేల క్రింది నీరు చెడినదను అనుమానము పుట్టినప్పుడు, ఆ చెడుగు నిజమేనా, నిజమైనచో ఎచ్చటినుండి వచ్చినది, ఎటు పోవుచున్నది అని బావులనుండి తెలిసికొను పద్ధతిని గూర్చి నాలుగు మాటలు.

ఊరి చివర ఒక ఉప్పునీటి రొయ్యల చెరువు త్రవ్విరనుకొందము. రెండు మూడేండ్లకు చెంతనున్న నూతి నీరు ఉప్పనైనది. నూతివారు చెరువును నిందింతురు. చెరువువారు, “ఇది సముద్రతీరము, ఈ నేలలో ఉప్పు మా తాతలనాటినుండియు ఉన్నదే” అందురు. ఇరువురి మాటయు నమ్మదగినట్లే తోచును. పెద్దమనుషులు కూర్చుండి ఎంత వాదించినను తేలదు. ఇట్టి తగవున నిష్పక్షపాతముగ చెప్పగల సాక్షి బావి ఒక్కటే. కాని సాక్షిని అడుగవలసిన రీతిని అడిగిననే నిజము చెప్పును. అడుగరాని రీతిని అడిగిన, ఎవరికి అనుకూలమైన మాట వారికి చెప్పును.

ఈ సీమలో ఉప్పు మూడు తెరగుల వచ్చుచున్నది. మొదటిది పాత ఉప్పు. డెల్టా యంతయు నది తెచ్చిన ఒండ్రు. కొన్ని వేల యేండ్లక్రిందట సముద్రము ఇప్పటికంటె లోపలికి ఉండెను. నది ఒండ్రు పేర్చికొనుచు పోగా తీరము జరిగినది. ప్రాచీనకాలమున నౌకావ్యాపారమునకు పేరొందిన ఘంటసాల నేడు కడలికి దూరముగా ఉండుటయే ఇందుకు గుర్తు. ఆ జరుగుబాటులో బంకమట్టి పొరల నడుమ చిక్కుకొన్న సముద్రపు నీరు నేటికిని అచ్చటనే యున్నది. అందువలననే గుడివాడ వంటి లోపలి తావులలో సైతము కొన్నిచోట్ల లోతుగా త్రవ్విన కొలది ఉప్పునీరే తగులును. నది విడిచిన పాత పాయలలోను, తీరము వెంబడి గల ఇసుక దిబ్బలలోను మాత్రము వాననీరు ఇంకి, ఉప్పునీటిపై పలుచని తియ్యనీటి పొరగా నిలిచియుండును. దివిసీమలో ఫిల్టరు పాయింట్లు ఒక పొలములో తియ్యగను, ప్రక్క పొలములో ఉప్పగను ఉండుటకు ముఖ్యకారణమిదే.

రెండవది సముద్రము నేడు పంపుచున్న ఉప్పు. ఆటుపోటులు ఉప్పుటేరుల గుండను, మురుగు కాలువల గుండను లోపలికి ప్రాకును. నదిలో ప్రవాహము తగ్గిన వేసవిలో ఈ ప్రాకుట హెచ్చు. ఉప్పెన వచ్చిన నాడు చెప్పనక్కరలేదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనను, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మన ప్రజలు మరువలేదు. 1977లో పదివేలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. బ్రతికినవారికి వెంటనే ఎదురైన కష్టము దాహము; చెరువులు, నూతులు సముద్రజలముతోను కళేబరములతోను నిండిపోయినవి. నీరు తీసినను నేలలో ఇంకిన ఉప్పు పోదు. అది వానలకు కొంచెము కొంచెముగా కడుగుకొని పోవలసినదే.

మూడవది మానవుడు చేర్చునది. ఉప్పునీటి చెరువులనుండి ఊట, చేపల చెరువుల మేతవలనను ఎరువులవలనను కలుగు నత్రజని, పురపాలక సంఘముల చెత్తదిబ్బలు, నేలలో పాతిన పెట్రోలు తొట్లు, పురుగుమందు నిలువలు, నూతి చెంతనున్న మరుగుదొడ్ల గుంటలు, ఇవన్నియు ఈ తెగలోనివి. వీనిలో కొన్ని నాలుకకు తెలియును. పెక్కు తెలియవు. నైట్రేటుకు రుచి లేదు. పాషాణమునకు రుచి లేదు. వ్యాధిక్రిములకు రుచి లేదు. “మా నూతి నీరు కొబ్బరినీళ్లు” అనుట ప్రశంసయే గాని పరీక్ష కాదు.

ఇక సాక్షిని అడుగు విధము. మొదట తెలియవలసినది నేల క్రింద నీరు ఎటు నడచుచున్నదో. అనుమానమున్న స్థలమునకు ఎగువన ఒక బావియైనను, దిగువన రెండు మూడు బావులైనను ఉండవలెను. ఎగువ బావి ఆ స్థలపు సంపర్కము లేని నీరు ఎట్లుండునో చెప్పును. దిగువ బావులు ఆ స్థలము దాటివచ్చిన నీరు ఎట్లు మారినదో చెప్పును. రెంటి తేడాయే సాక్ష్యము. దిగువ నూతి నొక్కదానిని పరీక్షించి తీర్పు చెప్పుట, ఒక కక్షివాదము విని తగవు తీర్చుట వంటిది.

మన సీమలో ఎగువ దిగువలు కంటికి తెలియవు. పల్లపు నేల, వాలు చాల స్వల్పము. కాలువలో నీరున్నప్పుడు కాలువనుండి పొలమువైపునకు ఊట నడచును. కాలువ కట్టివేసిన పిదప అదియే మురుగు కాలువవైపునకు తిరుగవచ్చును. కావున కనీసము మూడు బావులలో ఒకే దినమున నీటిమట్టము కొలిచి దిశ నిర్ణయింపవలెను. ఇచ్చట ఒక మెలకువ కలదు. గట్టునుండి నీటివరకు గల లోతు మాత్రము చాలదు. గట్టు సముద్రమట్టమునకు ఎంత ఎత్తున ఉన్నదో కూడ తెలియవలెను. ఉదాహరణమునకు, మొదటి బావి గట్టు ఎత్తు 3.20 మీటర్లు, నీటి లోతు 2.10, రెండవదాని గట్టు 2.90, లోతు 2.00, మూడవదాని గట్టు 3.50, లోతు 2.20 అనుకొందము. లోతు చూచినవారు మూడవ బావి నీరే అన్నిటికంటె క్రింద ఉన్నదందురు. తీసివేసి చూడుడు: మొదటి బావిలో నీరు సముద్రమట్టమునకు 1.10, రెండవదానిలో 0.90, మూడవదానిలో 1.30 మీటర్ల ఎత్తున ఉన్నది. నీరు మూడవదానినుండి రెండవదానివైపునకు నడచుచున్నది. లోతును మాత్రమే నమ్మినవారు ఎగువను దిగువగా భావించి, నిర్దోషిని దోషిగా నిలుపుదురు.

రెండవ మెలకువ నీరు తోడుట. గొట్టపు బావిలో నిలిచియున్న నీరు నేలలోని నీరు కాదు. అది గాలి సోకినది, గొట్టపు తుప్పు కలిసినది. దానిని తోడివేసి, నేల పొరలనుండి క్రొత్తగా ఊరిన నీటిని పట్టవలెను. గొట్టములోని నీటికి మూడింతలు తోడవలెనని వాడుక. పది సెంటీమీటర్ల వ్యాసము గల గొట్టములో ఒక మీటరు ఎత్తు నీరు ఇంచుమించు 7.85 లీటర్లు. పదునైదు మీటర్ల లోతు బావిలో మూడు మీటర్ల దిగువన నీరున్నచో, నిలువ నీరు పండ్రెండు మీటర్లు, అనగా 94 లీటర్లు. మూడింతలు 283 లీటర్లు. పదునైదు లీటర్ల బాల్చీలు పందొమ్మిది. తోడునప్పుడు నీటి ఆమ్లగుణమును, విద్యుద్వాహకతను మాటిమాటికి కొలువవలెను. ఆమ్లగుణము పదవవంతు అంకెకు, వాహకత నూటికి మూడు పాళ్లకు మించి మారక నిలిచినప్పుడు నిజమైన ఊట వచ్చినదని తెలియును.

అయితే మన తీరమున ఈ సూత్రమును గ్రుడ్డిగా పాటింపరాదు. ఉప్పునీటిపై తేలుచున్న తియ్యనీటి పొరకు ఒక ధర్మము కలదు. తియ్యనీటిమట్టము సముద్రమట్టమునకు ఒక అడుగు ఎత్తున నిలిచినచో, దాని క్రింద రమారమి నలువది అడుగుల తియ్యనీరు ఉండగలదు. హాలెండు దేశపు బాడన్ గైబెను, జర్మనీ దేశపు హెర్ట్స్‌బెర్గు ఈ లెక్కను వేరువేరుగా కనుగొనిరి. దీనినే తిరుగవేసి చూడుడు: ఒక అడుగు మట్టము తగ్గించినచో, క్రిందినుండి ఉప్పునీరు నలువది అడుగులు పైకి రాజూచును. అందుచేత పలుచని పొరలో వేసిన బావిని గట్టి మోటారుతో తోడరాదు. తోడిన, పరీక్షించువాడే ఉప్పును పిలిచి తెచ్చినవాడగును. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత శ్రీలంక తీరమున ఉప్పు చేరిన నూతులను శుభ్రపరచు తలంపుతో మితిమీరి తోడగా, కొన్ని చోట్ల నీరు మరింత ఉప్పనైనది. ఇట్టి తావుల మెల్లగా, కొద్ది కొద్దిగా తోడి, వాహకత నిలకడను చూచి పట్టుటయే మేలు. రోజును ఇల్లాండ్రు చేదుకొనుచున్న ఒరల నూతికి ఈ బాధ లేదు. చేదుట జరుగుచున్న వేళ, పైతేట విడిచి కొంచెము లోతునుండి నీరు తీసిన చాలును.

మూడవ మెలకువ సీసా. ఏ వస్తువును వెదకుచున్నామో దానినిబట్టి సీసా మారును. లోహముల పరీక్షకు నీటిని వడగట్టి, కొంచెము నత్రికామ్లము చేర్చిన శుభ్రమైన ప్లాస్టిక్ సీసా. పెట్రోలు వంటి ఎగిరిపోవు ద్రవములకు గాలిబుడగ మిగులకుండ అంచువరకు నింపిన గాజు సీసా. వ్యాధిక్రిములకు ఆవిరిలో శుద్ధిచేసిన సీసా. నూతిలో బ్లీచింగు పొడి వేసియున్నచో దాని శక్తిని చంపు మందును అందులో ముందే వేసి ఉంచవలెను. లేకున్నచో దారిలోనే క్రిములు నశించి, చెడ్డనీరు మంచినీరుగా కనబడును. సీసాలను మంచులో నుంచి, క్రిముల పరీక్షకైనచో ఇరువదినాలుగు గంటలు దాటకుండ ప్రయోగశాలకు చేర్పవలెను. సీసాపై బావి గుర్తు, తేదీ, వేళ, పట్టినవారి సంతకము ఉండవలెను. ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదో కాగితముపై నడువవలెను. నడుమ ఒక చేయి వ్రాయబడకున్న ఆ సీసా తగవులో నిలువదు.

స్వచ్ఛమైన నీటినుండి మొదలుపెట్టి చివరకు చెడ్డ బావికి పోవుటయు నియమమే. చెడ్డ బావిలో ముంచిన త్రాడును మంచి బావిలో వేయుట పరీక్ష కాదు, అపకారము. మరియు స్వేదనజలమును ఒక సీసాలో వెంటగొనిపోయి, బావి కడనే విప్పి పోసి మరల మూసి, మిగిలినవానితో పాటు పంపవలెను. దానిలో మాలిన్యము కనబడినచో దోషము బావిది కాదు, మన చేతులది. ఒకే బావినీటిని రెండు పేర్లతో రెండు సీసాల పంపినచో ప్రయోగశాల నిలకడయు తెలియును. సాక్షిని పరీక్షించుటకు ముందు పరీక్షకుని పరీక్షించుట ధర్మము గదా!

ఇక వచ్చిన అంకెలను చదువుట. 2012 నాటి భారతీయ ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో కరిగిన లవణములు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించరాదు. వేరే నీరు దొరకని చోట 2000 వరకు సహింపవచ్చును. క్లోరైడునకు ఈ రెండు హద్దులు 250, 1000. నైట్రేటునకు 45, దీనికి మినహాయింపు లేదు. అది మించిన నీటితో పాలపొడి కలిపి పట్టిన చంటిబిడ్డల రక్తము ప్రాణవాయువును మోయలేక శరీరము నీలివన్నెకు తిరుగు ప్రమాదము కలదు. కాచిన నీటిలో క్రిములు చచ్చునుగాని ఉప్పు, నైట్రేటు పోవు. నీరు ఆవిరియై తగ్గినకొలది అవి చిక్కబడును. సముద్రజలములో లవణములు లీటరుకు సుమారు 35,000 మిల్లీగ్రాములు. అనగా నూరు బిందెల మంచినీటిలో రెండు బిందెల సముద్రజలము చేరినను ఆ నీటిలో సుమారు 700 మిల్లీగ్రాముల ఉప్పు పెరుగును.

అంకె హెచ్చుగా ఉన్నదనుటతో పని తీరదు. అది ఎవరి ఉప్పు? ఇందుకు లోతు చెప్పు సాక్ష్యము ముఖ్యమైనది. ఒకే చోట మూడు లోతులలో మూడు సన్నని గొట్టములు దింపి నీరు తీసినచో, పైన తియ్యగను క్రింద ఉప్పగను ఉన్న, ఉప్పు క్రిందినుండి వచ్చుచున్నదని ఊహింపవచ్చును. పైన ఉప్పగను క్రింద తియ్యగను ఉన్న, పైనుండి ఇంకుచున్నది. చెరువో, ఉప్పెనో, ఉప్పు కాలువో కారణమని వెదుకవలెను. ఉప్పుతోపాటు నైట్రేటు, క్రిములు కూడ పెరిగినచో మానవుల చేతి గుర్తు. అమ్మోనియాను మాత్రము తొందరపడి నమ్మరాదు. డెల్టా అడుసులో కుళ్లిన ఆకు అలములనుండియు అది పుట్టును.

కాలము చెప్పు సాక్ష్యము మరియొకటి. కాలువలు పారుచున్న కార్తికములో పట్టిన సీసాను, కాలువలు కట్టివేసిన వైశాఖములో పట్టిన సీసాతో పోల్చి “నీరు చెడినది” అనుట తగదు. సార్వాకు సార్వాను, వేసవికి వేసవిని పోల్పవలెను. కేంద్ర భూగర్భజల మండలివారు తమ పరిశీలన బావులలో ఏటికి నాలుగు మారులు మట్టము కొలుచుటయు, నీటి గుణమును వానలకు ముందు పరీక్షించుటయు ఈ క్రమముకొరకే. ఒక్క సీసా ఒక దినపు మాట. పదేండ్ల వరుస ఒక చరిత్ర.

అన్నిటికంటె విలువైన సీసా, చెడుగు రాకపూర్వము పట్టినది. చెరువు త్రవ్వకముందు, చెత్తదిబ్బ పోయకముందు, తొట్టి పాతకముందు నీరెట్లున్నదో వ్రాసియున్నచో, తరువాతి తగవు సగము తీరినట్లే. తీరప్రాంతపు రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పిన వ్యాజ్యములో మంచినీటి బావులు ఉప్పనగుట ముఖ్యమైన ఆరోపణలలో ఒకటి. తీరపు జలసాగును క్రమపరచుటకు 2005లో పార్లమెంటు ప్రత్యేక చట్టమును చేసినది. చట్టము వచ్చినను, “మా నూతి నీరు మునుపు మంచిది” అను మాటకు కాగితము చూపలేని పల్లె బలహీనముగానే ఉండును. బందరు ఓడరేవు పనులు 2023లో ఆరంభమైనవి. లోతైన త్రవ్వకములు జరుగు తీరమున చుట్టుపట్ల గ్రామముల నూతి నీటి లెక్కలు వ్రాసియుంచుట ఎవరికిని వ్యతిరేకము కాదు, అందరికిని రక్షణ.

ఇది నిపుణుల పని, మాకేమి సంబంధమని శ్రోతలు తలపవలదు. నూతి గట్టుపై చెరిగిపోని రంగుతో ఒక గుర్తు పెట్టుడు. నెలకొకమారు, ఉదయము చేదుటకు ముందు, ఆ గుర్తునుండి నీటివరకు బరువు కట్టిన టేపుతో కొలువుడు. తేదీ, లోతు, కాలువ పారుచున్నదా లేదా, ఆ వారము వాన కురిసినదా, ఈ నాలుగును ఒక నోటుపుస్తకములో వ్రాయుడు. 2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ క్రింద ఊరికి ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పు ఏర్పాటు కలదు. మీ ఊరి పరీక్షపెట్టె ఎవరియొద్ద ఉన్నదో అడిగి, వానలకు ముందొకమారు, తరువాత నొకమారు మీ నూతి నీటిని చూపుడు. ఆ పెట్టె తుది తీర్పు చెప్పజాలదు. ఏ నీటిని ప్రయోగశాలకు పంపవలెనో చెప్పగలదు. ఉప్పెన వచ్చిపోయిన నాడు మాత్రము తొందరపడి మోటారు పెట్టి నూతిని అడుగంట తోడవలదు. చెత్తను తీసి, బ్లీచింగు పొడి వేసి, కొద్దికొద్దిగా చేది, ఉప్పు తగ్గుచున్నదో లేదో కొలిచి చూడుడు. తగ్గువరకు వేరే నీరు త్రాగుడు.

కృష్ణపై బెజవాడకడ 1855లో ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఈ సీమకు కాలువ నీరే అన్నము పెట్టినది. పైనుండి వచ్చు ఆ నీటికి లాకులు కలవు, లెక్కలు కలవు, అధికారులు కలరు. క్రిందనున్న నీటికి కాపరి లేడు. అది చెడుట కంటికి కనబడదు. చెడిన పిదప బాగుపడుటకు ఏండ్లు పూండ్లు పట్టును. కనబడని దానిని కాచుటకు వ్రాసిపెట్టిన లెక్క తప్ప వేరు సాధనము లేదు. ఆ లెక్కకు కావలసినది ఒక టేపు, ఒక నోటుపుస్తకము, నెలకు ఐదు నిమిషముల ఓపిక. బందరులోనైనను, గుడివాడలోనైనను, దివిసీమ లంకలలోనైనను నుయ్యి గల ప్రతి ఇంటను ఈ మాసమునుండియే ఆ మొదటి అంకె వ్రాయబడునుగాక!